చిక్కుకున్న గుర్రం

పిల్లలూ, మా గుంటూరు ప్రాంతంలో సంక్రాంతి దాటిందంటే కల్లాలన్నీ ఎర్రబడతాయి. మిరపకాయలు కోసి ఆరబోస్తారు. కాయలు ఎత్తేసిన గట్టినేల మీద, ఆ ఘాటుకు తుమ్ముతూనే, నేనూ మా మేనకోడలూ ఒకనాడు సుద్దముక్కతో గళ్ళు గీశాము. (గుంటూరులో పుట్టిన హరికృష్ణ 2001లో, హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. అందుకని మా ఇంట్లో చదరంగానికి మర్యాద ఎక్కువ!) నడిమి గడిలో 1. కుడిపక్కన 2, దాని పైన 3. ఇక నత్తగుల్ల మీది గీతలాగా చుట్టూ తిరుగుతూ అంకెలు వేసుకుంటూ పోయాము.

5   4   3   12
6   1   2   11
7   8   9   10

1లో చదరంగపు గుర్రాన్ని నిలబెట్టాము. నియమం ఒక్కటే: గుర్రానికి అందే గళ్ళలో, అంతకుముందు తొక్కని వాటిల్లో, అన్నిటికన్న చిన్న అంకె గల దానిలోకే అది దూకాలి. 1, 10, 3, 6, 9, 4, 7, 2, 5, 8. మీరూ వేలు పెట్టి చూడండి. 1 నుంచి 10 దాకా ప్రతి అంకే ఒక్కసారి వచ్చింది, ఒక్కటీ మిగలలేదు! బేసి, సరి, బేసి, సరి అని వస్తున్నది కూడా గమనించారా? గుర్రం నల్లగడి నుంచి తెల్లగడికీ, తెల్లగడి నుంచి నల్లగడికీ దూకుతుంది కదా, అందుకు. అదే రాజుతో ఆడితే తమాషా లేదు. 1, 2, 3, 4 అని పాఠం అప్పజెప్పినట్టు పోతాడు.

"మామయ్యా, ఇది ఎక్కడైనా ఆగుతుందా?" అన్నది మా పిల్ల.

"ఎందుకాగుతుందే? బయట అంతులేనన్ని గళ్ళున్నాయిగా!" అన్నాను, పెద్ద తెలిసినవాడిలాగా.

అప్పటికే అది గళ్ళ నోటుబుక్కులో మూడువందల దాకా నడిపిందట. నా మాట విని మానేసింది.

తరువాత ఎందుకో అనుమానం వచ్చి, కంప్యూటరు చేత నడిపించాను. 2016వ గడిలో గుర్రం నిలిచిపోయింది! ఆ గడి అంకె 2084. అక్కడి నుంచి దూకగల ఎనిమిది గళ్ళూ అది తొక్కేసినవే. బయట పొలమంత ఖాళీ ఉన్నా, చిన్న అంకె కోసం లోపలికి దూకి, తన అడుగుల మధ్యనే తాను చిక్కుకున్నది. లెక్క చూడండి: తొక్కినవి 2016 గళ్ళే గనక, 2084 లోపల కనీసం 68 గళ్ళకు దాని కాలు సోకనే లేదు. నీల్ స్లోన్ అనే గణితవేత్త 1964లో మొదలుపెట్టిన సంఖ్యావరుసల సంగ్రహంలో ఇది 316667వ వరుస.

సంగతి చెబితే మా పిల్ల, "నువ్వు చెప్పబట్టే కదా ఆపేశాను!" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు నోటుబుక్కు పట్టుకొచ్చి, "చిక్కినప్పుడు, వచ్చిన దారినే వెనక్కి పోయి, ఖాళీ దొరికిన చోటి నుంచి మళ్ళీ దూకనిస్తే?" అని అడిగింది.

ఈసారి నేను నోరు మెదపలేదు. పెన్సిలు చెక్కుకుని దాని పక్కన కూర్చున్నాను.