ఓళిగకు ఎన్ని మార్కులు?

ఉగాది వస్తోందంటే మా ఇంట్లో మామిడాకుల కంటే ముందు మార్కుల గొడవ మొదలవుతుంది. మావాళ్లు అనంతపురంలో కొందరు, బెంగళూరులో కొందరు, న్యూజెర్సీలో ఇద్దరు. వానను నమ్ముకుని చెనిక్కాయ వేసే ఊళ్లలో చదువుకున్న పిల్లలు నిలబడటం తక్కువే కదా! పండక్కి అందరూ రాలేరని మా మరిది కొడుకు మూడేళ్ల కిందట వాట్సాప్‌లో గళ్ళ నుడికట్టు పోటీ పెట్టాడు.

పండగకీ పజిల్‌కీ సంబంధం కొత్తదేమీ కాదు. ఆర్థర్ విన్ మొదటి క్రాస్‌వర్డ్ న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వచ్చింది 1913 డిసెంబరు 21న, అంటే క్రిస్మస్‌కు ముందు ఆదివారం. మన దగ్గర శ్రీశ్రీ ‘స్వాతి’లో నడిపిన పదబంధ ప్రహేళికను మా అమ్మ పెన్సిలు పట్టుకుని కూర్చుని నింపేది.

మావాడు పెట్టిన రూల్స్ ఇవీ: 20 ఆధారాలు, ఒక్కోదానికి 5 మార్కులు. ముందు పంపినవాళ్లకే మార్కులు, తర్వాతవాళ్లకు సున్నా. పండగరోజు పొద్దున ఆరింటికి విడుదల. ఆ వేళకు మనం ఎక్కడుంటామో మీకు చెప్పాలా? న్యూజెర్సీలో అప్పుడు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. తిని, తీరిగ్గా సోఫాలో కూర్చున్నారు.

అదైనా సర్దుకోవచ్చు. అసలు తంటా నాలుగో ఆధారంతో వచ్చింది: ‘పూర్ణం పెట్టి చేసే పండగ వంట, మూడక్షరాలు.’ తెలుగు గళ్లలో గడికి ఒక అక్షరం. గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ దాంతోపాటే. బొ-బ్బ-ట్టు మూడు గళ్లు. అత్తమ్మ చెప్పిన ఓ-ళి-గ కూడా మూడే! మావాడు తప్పు కొట్టేశాడు.

“ఉగాదికి మనింట్లో చేసేది ఓళిగలు. బొబ్బట్లు ఎవరు చేసినారప్పా?” అంది అత్తమ్మ. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె ఫోన్ పక్కన పెట్టేసింది. “నాకెందుకులేమ్మా, మీ పుస్తకాల తెలుగు నాకు రాదు” అన్న మాట నాకు గుచ్చుకుంది. యాభై ఏళ్లు చేను చేసిన మనిషికి తెలుగు రాకపోవడమేమిటి?

మరుసటి ఏడాది నేనూ, మా తోడికోడలూ కూర్చుని రూల్స్ తిరగరాశాం.

1. గడువు 48 గంటలు. తొందరకు మార్కుల్లేవు.
2. సరైన జవాబు ఎవరు పంపినా 5 మార్కులు.
3. మన ఊరి మాట అర్థానికీ, గళ్ల లెక్కకూ సరిపోయి, అడ్డం నిలువు కలిస్తే పూర్తి మార్కులు. అక్షరాలు కలవకపోతే 3.
4. టైపింగ్ రానివాళ్లు వాయిస్ మెసేజ్ పెట్టొచ్చు.
5. క్లూ అడిగితే 2 మార్కులు కోత. తప్పు జవాబుకు కోత లేదు.

మూడో రూల్ మీద మావాడు వాదించాడు. “అట్లయితే ఎవరికి వాళ్లు మాటలు పుట్టిస్తారు పెద్దమ్మా” అన్నాడు. న్యాయమే. అందుకని, ఆ మాట తెలిసిన ఇంకొకరు సాక్ష్యం చెప్పాలని చేర్చాం.

ఆ ఏడాది పన్నెండో ఆధారం ‘వాన పడ్డాక విత్తనం వేయడానికి నేలకు ఉండాల్సింది, మూడక్షరాలు’. ఇంజనీర్లంతా ‘తడి’ దగ్గరే ఆగిపోయారు, అది రెండే గళ్లు. అత్తమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది: “పదును. పదునులేకుండా గొర్రు కడితే విత్తనం దండగ నాయనా.” వెనకాలే, ఏ ఏడు పదును ఆరిపోయి రెండోసారి విత్తనం కొన్నారో ఐదు నిమిషాలు చెప్పింది. పజిల్ పక్కనపెట్టి అందరూ అదే విన్నారు. మా మరిది కొడుక్కి వాళ్ల నాన్న చదువు ఏ అప్పుతో సాగిందో అప్పుడే తెలిసింది.

మార్కుల్లో ఆమెది ఐదో స్థానమే. అయినా, ఇప్పుడు న్యూజెర్సీ మనవరాలు వారానికోసారి ఫోన్ చేసి “అవ్వా, గుంటక అంటే ఏంది?” అని అడిగి రాసుకుంటోంది. ఈ ఉగాది పజిల్ తనే కూరుస్తుందట. సగం మాటలు అవ్వవే కాబట్టి ఆమెకు ఈసారి పోటీలో చోటు లేదు, తీర్పరి కుర్చీ ఇచ్చాం.

మీరూ ఇంట్లో ఇలాంటి పోటీ పెడితే బహుమతి సంగతి తర్వాత చూసుకోండి. ముందు మూడో రూల్ రాసుకోండి.