వులాగి అంటే చుట్టం

ఫిజీలో పల్లెటూరికి వెళ్ళాలంటే జేబులో డబ్బులుంటే చాలదు. చేతిలో యంగోనా కట్ట ఉండాలి. మన మిరియాల జాతికి చెందిన మొక్క వేళ్ళవి. ఎండబెట్టి, కట్టలు కట్టి, కాగితంలో చుట్టి మార్కెట్లో అమ్ముతారు. అల్లుడి ఉద్యోగం లంబాసాలో కావడంతో కూతుర్ని చూడ్డానికి పెనుబల్లి నుంచి వెళ్ళిన రిటైర్డ్ హిందీ మాస్టారికి ఈ సంగతి తెలీదు. సముద్రం ఒడ్డున ఓ మారుమూల పల్లె చూడాలని సరదాపడ్డారంతే. టాక్సీ డ్రైవరే కట్ట కొనుక్కొచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు. 'ఇది లేకుండా ఊళ్ళో అడుగుపెట్టకూడదు మాస్టర్‌జీ' అన్నాడు.

లంబాసా ఉన్నది వనువా లేవు దీవిలో. ఫిజీ దీవుల్లో రెండో పెద్దది. 1894 నుంచీ అక్కడ చక్కెర మిల్లుంది. ఊరి చుట్టూ చెరకే. కొండలెక్కి దిగితే నతేవా అఖాతం. దారి పొడవునా కొబ్బరిచెట్లు, అరటితోటలు, గుమ్మాల ముందు మందారాలు. కోనసీమకు వెళుతున్నట్టే ఉంది మాస్టారికి.

డ్రైవర్ కూడా మనవాడే, నాలుగో తరం. విశాఖ జిల్లా నుంచి వచ్చిన ముత్తాత ఊరి పేరు మాత్రం ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. 1879 మే 14న 'లియోనిడాస్' ఓడ కలకత్తా నుంచి మొదటి కూలీలను తెచ్చింది. మద్రాసు నుంచి ఓడలు మొదలైంది 1903లో. 1916 దాకా మొత్తం 60 వేలమందికి పైగా వచ్చారు. అయిదేళ్ళ అగ్రిమెంటు వాళ్ళ నోట 'గిర్మిట్' అయింది. విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్ళనీ అక్కడ 'మద్రాసీ'లనే అన్నారు. తెలుగు నిలవాలని 1941లో ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. అయినా ఇళ్ళలో ఫిజీ హిందీయే గెలిచింది. డ్రైవర్‌కి మిగిలిన తెలుగు 'రా', 'తిను', 'అమ్మ'.

ఊరి మొదట్లోనే కారాపాడు. టోపీ తీసేయమన్నాడు. నల్లకళ్ళద్దాలూ తీసేయమన్నాడు. సంచీ భుజాన వేసుకోకుండా చేత్తో పట్టుకోవాలి. లుంగీలాంటి 'సులు' చుట్టుకోవాలి. ఊరిపెద్ద ముందు చాపమీద కూర్చుని, కట్ట ముందుంచి, లోపలికి రానివ్వమని అడగాలి. దీన్నే 'సేవుసేవు' అంటారు. కట్ట పుచ్చుకున్నారంటే ఆ పూటకి నువ్వు వాళ్ళ చుట్టానివి. పుచ్చుకోకపోతే వచ్చిన దారే!

పాపికొండల లాంచీ దిగి పేరంటాలపల్లిలో కొండరెడ్ల గుమ్మాల్లోకి కెమెరాలు పెట్టే మన జనం గుర్తొచ్చారు మాస్టారికి. అక్కడ ఎవరి అనుమతి అడిగాం గనక?

వేళ్ళ పొడిని చెక్కతొట్టిలో నీళ్ళలో పిసికి, కొబ్బరిచిప్పతో అందించారు. ముందు ఒక చప్పట్లు, 'బులా' అని గుక్కలో తాగడం, తర్వాత మూడు చప్పట్లు. రంగు వాననీటిది, రుచి మట్టిది. కాసేపటికి నాలుక మొద్దుబారింది. కల్లులా కైపెక్కలేదు గానీ మాటలు నెమ్మదించాయి.

ఊరిపెద్ద తన భాషలో అడుగుతుంటే డ్రైవర్ హిందీలో చెబుతున్నాడు. మీ ఊరెక్కడ? భూమి ఉందా? ఉంది, నాలుగెకరాలు. మీ తాతలదా? కాదు, నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి కొన్నాడు. ఎవరి దగ్గర? ఓ కోయ రైతు దగ్గర, చాలా ఏళ్ళ కిందట. వాళ్ళ పిల్లలిప్పుడు ఎక్కడున్నారు?

మాస్టారికి తెలియదు. సత్తుపల్లి దాటి దమ్మపేట, అశ్వారావుపేట వైపు వెళితే ఏజెన్సీ. అక్కడ 1970లో వచ్చిన వన్ ఆఫ్ సెవెంటీ ప్రకారం గిరిజనేతరులు భూమి కొనకూడదు. ఆ చట్టం చుట్టూ జరిగిన తగువులు ఆయన చిన్నప్పట్నుంచీ విన్నవే. కానీ ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

ఫిజీలో నూటికి 87 పాళ్ళకు పైగా భూమి అక్కడి మూలవాసులది. అమ్మకూడదు, కౌలుకివ్వచ్చు. సొంతదారు 'తౌకేయి', వచ్చినవాడు 'వులాగి', అంటే చుట్టం. వినడానికి తియ్యటి మాటే. నూరేళ్ళు దాటినా చుట్టంగానే ఉండాలంటేనే కష్టం. 1987లో, సరిగ్గా మే 14నే, సైనిక తిరుగుబాటు జరిగింది. నడిపిన సితివెని రంబూకాది ఈ నతేవా తీరమే. వేలమంది భారతీయులు దేశం వదిలిపోయారు. ఆయనే ప్రధానిగా 2023 మే 14న బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఎవరు మన్నించారో, ఎవరు లేదో.

ఇదే తీరంలో వునిదొగొలోవా అనే ఊరుంది. సముద్రం పోటెత్తి ఇళ్ళలోకి వస్తుంటే 2014లో ఊరు ఊరంతా రెండు కిలోమీటర్లు లోపలికి, ఎత్తుమీదికి కదిలింది. తరలిపోయింది తమ తెగ భూమిలోకే. సమాధులు మాత్రం పాత ఊళ్ళోనే ఉండిపోయాయి.

డ్రైవర్ కుటుంబానికి అలా కదలడానికి చోటు లేదు. 1976 చట్టం కింద ముప్ఫై ఏళ్ళ కౌళ్ళు 1997 నుంచి ముగియడం మొదలైంది. వాళ్ళదీ ముగిసింది. రెన్యువల్ చేయలేదు. తండ్రి నాటిన మామిడిచెట్లతో సహా వదిలేసి లంబాసాలో అద్దె ఇంట్లో చేరారు. అయినా ఊరిపెద్ద ముందు అతను కూర్చున్న తీరులో కోపం కనబడలేదు. 'వాళ్ళ భూమి వాళ్ళు తీసుకున్నారు. మా నాన్న కష్టం కూడా అందులోనే ఉంది. రెండూ నిజమే' అన్నాడు.

సాయంత్రం తిరుగుదారిలో ఓ మలుపు దగ్గర కారు నెమ్మదించాడు. తుప్పలు, అడవిజామ. వాటి మధ్య మామిడిచెట్లు, నిండా కాయలతో. దిగి చూద్దామా అన్నారు మాస్టారు.

'తెచ్చిన కట్ట ఇందాకే ఇచ్చేశాం కదా' అని గేరు మార్చాడు.