బీరువాలోని సూక్ష్మదర్శిని

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములలో వానకాలము వచ్చినచో బూజు పట్టని వస్తువు అరుదు. ట్రంకుపెట్టెలోని పట్టుబట్టలు, అటకమీది పుస్తకములు, మూలనున్న చెప్పులు, అన్నియు దానికి లోబడవలసినవే. తెనాలి కాలువల నడుమ నున్నది. రేపల్లెకు కృష్ణానది చేరువ. బాపట్లకు సూర్యలంక కడలిగాలి. కొంచెము ఎండ పొడచూపగానే గృహిణులు మిరపకాయలను, అప్పడములను మేడమీదికి చేర్తురు. పాఠశాలలోని సూక్ష్మదర్శిని సంగతి మాత్రము ఎవరికిని తోచదు.

గాజునకు బూజు పట్టునా యని విద్యార్థులు నవ్వవచ్చును. పట్టును. కటకముపై నిలిచిన ధూళియు, వ్రేలిజిడ్డును దానికి ఆహారము. చీకటియు, తేమయు, కదలని గాలియు దానికి అనుకూలములు. సాలెపట్టువంటి సన్నని పోగులు కటకముపై వ్యాపించి, ఆమ్లమును స్రవించి, గాజునే తినివేయును. ఆ పిమ్మట ఎంత తుడిచినను ప్రయోజనము లేదు. పిల్లలు పగులగొట్టుదురను భయముతో పరికరమును బీరువాలో పెట్టి, ఏండ్ల తరబడి తాళము వేయుట కొన్నిచోట్ల ఆచారము. రక్షణ యనుకొని చేయు ఆ పనియే దానికి చేటు. తనిఖీనాడు తాళము తీసి చూచినచో కనబడునది ఉల్లిపొర కాదు, బూజు.

వాడుకచే అరిగిన సూక్ష్మదర్శిని సైతము ఎంతటి పని చేయగలదో తెలుపు ఉదంతము సికిందరాబాదున జరిగినది. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. అంతటి ఉక్కలోను ఆయన పంకా లాగించుకొనలేదు. కోసిపెట్టిన దోమలు గాలికి ఎగిరిపోవును గదా! నుదుటి చెమటయు, చేతిచెమటయు సోకి ఆ పరికరపు మరలు త్రుప్పుపట్టినవి. మిగిలిన ఒకేయొక అక్షికటకము బీటవారినది. అయినను దానితోనే చూచెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. చెమట తుడిచి వాడియుండినచో మరలు మఱికొంతకాలము మన్నెడివి, అది వేఱుమాట.

సూక్ష్మదర్శినిని రెండు చేతులతో ఎత్తవలెను. ఒక చేయి వంపుభాగమును పట్టుకొనగా, రెండవది పీఠము క్రింద నుండవలెను. మొదట తక్కువ శక్తిగల కటకముతోనే చూడవలెను. గొట్టమును దింపునపుడు కన్ను ప్రక్కనుండి స్లైడును కనిపెట్టియుండవలెను. గొట్టములో చూచుచు దింపినచో స్లైడు పగులును, కటకము గీచుకొనును. ఎక్కువ శక్తిగల కటకమునకు మారిన పిదప పెద్దమరను తాకక, చిన్నమరనే మెల్లగా త్రిప్పవలెను. క్రింది అద్దమును సూర్యునివైపు త్రిప్పరాదు, కంటికే ప్రమాదము. ఉత్తరీయపు చెఱగుతో కటకములు తుడుచు పెద్దలు కొందరు కలరు. వారిని చూచి నేర్చుకొనరాదు. అందులకు మెత్తని కాగితము వేఱుగా దొరకును.

వానకాలమున పెట్టెలో సిలికాజెల్ పొట్లము నుంచవలెను. నీలిగుళికలు గులాబిరంగునకు తిరిగినచో తేమతో నిండినవని గుర్తు; ఉపాధ్యాయుడు వానిని వేడిచేసినచో మరల నీలమగును.

తెనాలి కాలువగట్టున దొరకు పచ్చని నాచుపోగు నొకదానిని నీటిబొట్టులో నుంచి, పదిరెట్ల అక్షికటకము, నలుబదిరెట్ల వస్తుకటకము కూర్చి చూచినచో అది నాలుగు వందల రెట్లు పెద్దదిగా కనబడును. స్పైరోగైరా యైనచో లోపల పచ్చని పట్టీ మెలికలు తిరిగియుండును. వేసవిలో కాలువలు కట్టివేయుదురు, నాచు దొరకదు. అపుడు ఉల్లిపాయ ఉండనే యున్నది.