తోటమాలి చదువు

వడ్రంగి చేసిన పీట మంచిచెడ్డలు ఆ సాయంకాలమే తెలియును. కుమ్మరి కుండ ఆవము దిగిన మరునాడే తన గుణము చెప్పుకొనును. తోటమాలి పని మాత్రము పదియేండ్లకో ఇరువదియేండ్లకో గాని తేలదు. అప్పటికి మొక్క నాటినవాడు వేరొక ఊరిలో నుండును. లేదా ఉండనే ఉండడు. ఇట్టి వృత్తిని ఎట్లు నేర్పవలెను? నేర్చినవానిని ఎవరు పరీక్షింపవలెను?

ఢిల్లీలోని ఒక పెద్ద తోటలో శిక్షణకై చేరిన యువకునికి ఈ ప్రశ్న ఉన్నట్లే తెలియదు. అతనికి తెలిసినది తన చేతిలోని పట్టా మాత్రమే. నాలుగేండ్లు ఉద్యానశాస్త్రము చదివి సంపాదించిన పట్టా అది. అతని తండ్రి మాలీ. ముప్పదియేండ్లపాటు పెద్ద ఉద్యోగుల బంగళాల ముంగిళ్లలో పచ్చిక కత్తిరించి, కుండీలకు జాజు పూసి సంసారము నీడ్చినవాడు. కొడుకు ఈ చదువు నెన్నుకొన్ననాడు ఆయన సంతోషింపలేదు. "నా చేతిలోని ఖుర్పీ నీ చేతికి రాకూడదనియే గదా నిన్ను బడికి పంపినది?" అని మాత్రము అనెను. "ఇది వేరు నాన్నా, ఇది ఆఫీసరు చదువు" అని కొడుకు బదులు చెప్పెను. ఆ మాటలో తండ్రిని ఊరడించుట ఎంత కలదో, తండ్రి పనినుండి తప్పుకొని నిలుచుటయు అంతే కలదు. ఇద్దరికిని అది తెలిసినది. ఇద్దరును ఊరకుండిరి.

ఉత్తర హిందూస్థానమున మాలీ యనునది వృత్తి పేరు మాత్రమే కాదు, కులము పేరు కూడ. జోతీరావు ఫూలే ఆ కులమువాడే. ఆయన పూర్వులు పేష్వాలకు పూలు సమకూర్చుచుండిరి. ఇంటిపేరు అట్లు వచ్చినది. పూలు అందించిన చేతులకు పుస్తకము అందవలెనని ఆయన 1890లో కన్నుమూయువరకు పెనుగులాడెను. పుస్తకము అందిన పిదప ఆ చేతులు మన్ను ముట్టవచ్చునా, ముట్టినయెడల మరల పాత పేరే వచ్చునా అను సంకోచము నేటికిని అనేకుల ఇండ్లలో తీరలేదు.

తోటలు వేయించినవారి పేర్లు చరిత్రకెక్కినవి; వేసినవారి పేర్లు ఎక్కలేదు. 1526లో ఆగ్రా చేరిన బాబరు ఈ దేశమున పారుటేరులు లేవని విసుగుకొని, బావి త్రవ్వించి, యమున కావలి గట్టున చతురస్రముగా తోట వేయించెను. ఆ సంగతి ఆయన స్వయముగా వ్రాసికొన్నాడు గనుక లోకమునకు తెలిసినది. బావిలో నీరు తోడినదెవరో తెలియదు. రాష్ట్రపతి భవనము వెనుకనున్న మొగలాయీ తోట, అనగా 2023 నుండి అమృత ఉద్యానమని పిలువబడుచున్నది, లట్యన్సు రూపకల్పనయని అందరును ఎరుగుదురు. దానిని నాటించి పెంచినవాడు ముస్టో యని కొందరెరుగుదురు. ముస్టో చెప్పిన మొక్కను చెప్పినచోట నిలిపి, నీరుపోసి, మొదటి వేసవి దాటించినవారిని ఎరిగినవారు లేరు.

తెలుగునాటనే ఇట్టి కథ ఒకటి కలదు. విలియం రాక్స్‌బరో కలకత్తా సమీపమున శిబపూరు తోటకు అధిపతియై 1793లో వెళ్లకముందు, పండ్రెండేండ్లపాటు సామర్లకోటలో నుండి మిరియము మొదలైనవాటిని పెంచి చూచుచు, కోరమాండల్ తీరపు మొక్కలను దేశీయ చిత్రకారులచేత వ్రాయించెను. సోమిద చెట్టునకు నేటికిని శాస్త్రలోకమున నిలిచియున్న 'సోయ్‌మిడా' అను పేరు తెలుగు మాటయే. ఆయన వెంట నడచి, చెట్టు బెరడు చూపి, పేరు పలికిన మనిషి యొకడు ఉండియుండవలెను. మాట గ్రంథమునకెక్కెను, మనిషి ఎక్కలేదు.

గురువును శిష్యుడును ఇద్దరును పేరుతో మిగిలిన సందర్భములు లేకపోలేదు. జర్మనీలో పుట్టి, ఇంగ్లండులోని క్యూ తోటలో పనిచేసి, 1893లో బరోడాకు వచ్చిన క్రుంబీగెల్, 1908లో బెంగుళూరు లాల్‌బాగ్ బాధ్యత వహించెను. ఒక వీథి చెట్లు పూత ముగించునప్పటికి వేరొక వీథి చెట్లు పూతకు రావలెనను ఆలోచనతో ఆ నగరమున చెట్లు నాటించెను. 1932లో ఆయన తప్పుకొన్నప్పుడు ఆ స్థానమునకు వచ్చిన జవరాయ ఆయన చేతిక్రింద పని నేర్చినవాడే. గురువు 1956లో బెంగుళూరులోనే మరణించెను. తాను నాటినవి తల యెత్తుట చూచు భాగ్యము కలిగిన కొద్దిమందిలో ఆయన యొకడు.

నేడు ఈ విద్యకు కళాశాలలు కలవు. ఆంధ్రప్రదేశమున తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెములో 2007లోను, తెలంగాణమున 2014లోను ఉద్యానమునకే ప్రత్యేకించిన విశ్వవిద్యాలయములు వెలసినవి. నేల స్వభావము, చీడలు, తెగుళ్లు, పండ్లు, కూరలు, పూలు, వంగడముల సృష్టి, కోసిన పిదప నిలువచేయుట, తోటల రూపకల్పన మున్నగునవి అచట పాఠములు. చివరి సంవత్సరమున కొంతకాలము పల్లెలో రైతులతో గడపవలెను. ఇది మంచి ఏర్పాటు. అయినను అంటుకట్టు కత్తి పదును పుస్తకములో నుండదు. గోదావరి గట్టున కడియములో, కడియపులంకలో నర్సరీల నడుమ పుట్టిన పిల్లవాడు అక్షరములతో పాటే అంటుకట్టుట నేర్చుకొనును. లక్నో దాపున మలీహాబాదులో కలీముల్లా ఖాన్ ఏడవ తరగతితో చదువు చాలించెను. ఒకే మామిడిచెట్టుపై మూడువందల రకముల అంటుకట్టి 2008లో పద్మశ్రీ పొందెను. పట్టా వ్యర్థమని దీని అర్థము కాదు. చేయి చదివిన చదువు వేరొకటి కలదని మాత్రమే అర్థము.

యువకుడు జూలై నెలలో చేరెను. చిత్రములు గీయు గదిలో బల్ల ఇత్తురని తలచెను. తోటలోని మాలీలకు పెద్దయైన చౌధురీ అతని చేతికి నీటి గొట్టమిచ్చెను. ఆయన వయస్సు అరువదికి దగ్గర. సంతకము చేయుట వచ్చును; అంతకుమించి వ్రాయుట రాదు. యువకుడు వరుసగా అన్ని కుండీలకు నీరు పోసికొనుచు పోయెను. చౌధురీ వెనుకనే వచ్చి, వ్రేలి కణుపుతో కుండీలను ఒక్కొక్కదానిని తట్టెను. ఖంగుమన్నది దాహముతో నున్నది. మందముగా పలికినది తడితో నున్నది. "అన్నింటికి ఒకే ఆకలి ఉండునా నాయనా?" అని ఆయన అడిగెను. ఒక నెల దినములు నీరు పోయుటయే పాఠమాయెను.

తరువాత ఋతువులే పాఠ్యక్రమమైనవి. వానకాలమున చామంతి కొమ్మలు తుంచి నాటుట; సెప్టెంబరులో శీతకాలపు పూల విత్తులు చల్లుట; అక్టోబరు నడుమ గులాబీలు కత్తిరించుట; పిదప నారు తీసి మళ్లలో నాటుట. ఏ పనియైనను పదిదినములు జారినచో ఫిబ్రవరిలో ఆ మడి దానిని అందరియెదుట చాటిచెప్పును. ఈ పరీక్షలో తప్పినవాడు మరల వ్రాయుటకు ఒక సంవత్సరము ఆగవలెను.

నవంబరు వచ్చెను. చామంతులు మొగ్గ తొడిగినవి. తూర్పు ప్రహరీవెంట నున్న ఒక వరుస మాత్రము ఏపుగా ఆకు వేయుచు, మొగ్గ మాట తలపెట్టలేదు. ఆ వరుస యువకునికి అప్పగించినదే. నత్రజని హెచ్చినదని అతడు తలచి ఎరువు మార్చెను. పేను పట్టినదేమోయని మందు చల్లెను. వేళ్లు ఇరుకైనవేమోయని రెండు మొక్కలను పెకలించి చూచెను. పండ్రెండు దినములు గడచెను. చౌధురీ ఒక మాటయు అనక, "ఈ రాత్రి భోజనము చేసి ఇటు రమ్ము" అని చెప్పెను.

రాత్రి తొమ్మిది గంటలకు ఇద్దరును ప్రహరీ చెంత నిలిచిరి. గోడ కావల రోడ్డుపై ఆ శరత్తులోనే క్రొత్తగా దీపస్తంభము వేసిరి. దాని తెల్లని వెలుగు ఆ వరుస చామంతులపై పట్టపగలువలె పడుచుండెను. "వీనికి నిద్ర లేదు" అనెను చౌధురీ.

చామంతి దీర్ఘమైన రాత్రి యున్నగాని పూయని మొక్క. ఈ సంగతి యువకుడు మూడవ సంవత్సరపు పరీక్షలో రెండు పుటలు వ్రాసి మంచి మార్కులు పొందెను. 1920లో గార్నర్, అలార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు పొగాకు మొక్కపై ఈ రహస్యమును కనుగొన్న విధమును కూడ వ్రాసెను. పండ్రెండు సాయంకాలములు ఆ దారినే ఇంటికి పోయినవానికి, ఆ దీపము కనబడలేదు. తెలిసియుండుట వేరు, చూచుట వేరు అని అతనికి ఆనాడు సిగ్గుతో తెలిసినది.

కుండీలను ఆ రాత్రియే చీకటి వైపునకు మార్చిరి. మోయుచుండగా యువకుడు సందేహించుచునే ఆ పొగాకు కథ చెప్పెను. నడిరాత్రి కొద్దిసేపు వెలుగు పడినను మొక్క రాత్రిని రెండు చిన్న రాత్రులుగా లెక్కించునని వివరించెను. చౌధురీ కుండీ దించి నిలుచుండిపోయెను. "అట్లయిన, కావలెనని దీపము పెట్టి పూతను జనవరి ఇరువదియారవ తేదీవరకు ఆపవచ్చునా?" అని అడిగెను. ఆపవచ్చును. పూల వర్తకము చేయు పెద్ద తోటలలో అట్లే చేయుదురు. నలువదియేండ్ల అనుభవమునకు తట్టని ఉపాయము ఒక్క వాక్యముతో ఆయనకు దొరకెను. నాలుగేండ్ల చదువునకు కనబడని దీపము ఒక్క రాత్రితో యువకునికి కనబడెను. అప్పటినుండి ఇద్దరి మధ్య మాట మారెను. ఆ వరుస డిసెంబరు చివర పూచెను, ఆలస్యముగానైనను పూచెను.

జనవరిలో ఒక చిన్న మూలస్థలమునకు పటము గీయుమని అధికారులు యువకుని కోరిరి. అతడు ఉత్సాహముతో పదునొకండు చెట్లను గుండ్రములుగా గీసి, రంగులు నింపెను. చౌధురీ పటమును తలక్రిందుగా పట్టుకొని చాలసేపు చూచి అడిగెను: "ఈ గుండ్రము ఎన్నేండ్ల చెట్టు?"

ఆ ప్రశ్నకు పటములో జవాబు లేదు. జువ్వి మొక్క నాటిననాడు గొడుగంత. నలువదియేండ్లకు ఒక ఇంటికప్పు దానిక్రింద ఇమిడిపోవును. ఢిల్లీ వీథులలో వేప, నేరేడు, మద్ది, చింత నేటికిని నీడనిచ్చుచున్నవన్న, నాటినవారు మొదటి పదేండ్ల బోసితనమునకు ఓర్చుకొనుటచేతనే.

ఓర్పు ఒకటి, ముందుచూపు మరియొకటి. ఆ ఆదివారము యువకుడు రిడ్జిపై తిరిగివచ్చెను. రాళ్లనేలను త్వరగా పచ్చబరచవలెనని 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో అచట విదేశపు తుమ్మను చల్లించిరి. తెలుగువారు దానినే సర్కారు తుమ్మ యందురు. అది పచ్చబరచెను, పచ్చబరచి, తక్కిన స్థానిక వృక్షములను త్రోసివేసి తానే అడవియైనది. దానిని తగ్గించి, పూర్వపు చెట్లను మరల నిలుపుటకు నగరపు దక్షిణ భాగమున అరావళీ జీవవైవిధ్య వనము వంటిచోట్ల శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి శ్రమించిరి. చల్లించినవారు దుర్మార్గులు కారు, తొందరపడినవారు. వైద్యుని తప్పు ఒక మనిషితో పోవును, తోటమాలి తప్పు విత్తనము వేయును.

యువకుడు పటము మరల గీసెను. ప్రతి చెట్టునకు మూడు గుండ్రములు గీసెను: నాటిన యేడు, పదవ యేడు, నలువదవ యేడు. పదునొకండు చెట్లు నాలుగైనవి. స్థలము వెలవెలబోవుచున్నదని అధికారి అనెను. చెట్లు ఎదుగువరకు నడుమ పొదలు పెంచి, పిదప తీసివేయవచ్చునని యువకుడు విన్నవించుకొనెను. కొంత చర్చ జరిగినమీదట పటము అంగీకరింపబడెను.

ఫిబ్రవరిలో, మళ్లన్నియు పూచియున్న వేళ, తండ్రి తోట చూచుటకు వచ్చెను. ఉతికిన బట్టలు కట్టుకొని, సందర్శకునివలె చేతులు వెనుకకు కట్టుకొని, బాటమీదనే నడచెను. కొడుకు చౌధురీని పరిచయము చేసెను. ఇద్దరు వృద్ధులును మర్యాదగా నమస్కరించుకొనిరి; ఒకరి వ్రేళ్లను ఒకరు చూచుకొనిరి. నర్సరీ వరుసల నడుమ నడచుచుండగా తండ్రి ఏమరుపాటున ఒక కుండీ చెంత ఆగి, వంగి, వ్రేలి కణుపుతో తట్టెను. చెవి ఒగ్గెను. ప్రక్కదానిని తట్టెను.

కొడుకు నిలుచుండిపోయెను. ఒక నెల దినములు శ్రమించి పరాయివానియొద్ద నేర్చిన విద్య తన ఇంటిలోనే ఉండెను. ఇరువది రెండేండ్లు ఒకే కప్పుక్రింద ఉండియు దానిని అతడు చూడలేదు.

"నాన్నా, ఇది నాకు ఎన్నడును చెప్పలేదేమి?"

తండ్రి చేయి తుడుచుకొనెను. "చెప్పినయెడల నేర్చుకొందువని" అనెను.

కొంతసేపు ఎవరును మాటలాడలేదు. మూలస్థలమున నాటుటకై తెచ్చిన నాలుగు మొక్కలు గోడనీడలో నుండెను. తండ్రి వానిచెంతకు పోయి, గొంతుక కూర్చుండి, మొదలునొద్ద మన్ను వ్రేలితో కదిపి చూచెను. తరువాత తల యెత్తి, కొడుకు వైపు గాక చౌధురీ వైపు చూచి, ఖుర్పీ ఒకటి కావలెనని అడిగెను. చౌధురీ తన నడుమున దోపుకొన్న దానిని తీసి, తండ్రికి ఇయ్యక, కొడుకు చేతికిచ్చెను. కొడుకు దానిని పిడి ముందుకు వచ్చునట్లు త్రిప్పి తండ్రికి అందించి, ప్రక్కనే కూర్చుండెను.