రోంత నిదానంగా, అక్కా!

ప్రొద్దుటూరులో ఉండే తల్లిదండ్రుల్లో కొందరు నన్ను చూసే ఉంటారు. తెల్లవారుజామున కాలేజీ గ్రౌండులో చుడీదార్ వేసుకుని, చున్నీ నడుముకు బిగించి కట్టి, పాలవాడి సైకిల్ కన్నా మెల్లగా పరుగెత్తే మనిషిని నేనే. మన స్కూల్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయికీ, నాలుగో తరగతి చదివే అబ్బాయికీ అమ్మని. నా వయసు 41. పోయిన ఏడాది నవంబరు దాకా కదిలిపోతున్న బస్సు కోసం కూడా పరుగెత్తి ఎరగను.

"పత్రికకు ఏదైనా రాయండి మేడం" అని స్కూలు వాళ్లు అడిగితే చాలా ఆలోచించాను. పిల్లల పెంపకం మీద సలహాలిచ్చేంత దాన్ని కాను. రాయడానికి నా దగ్గర ఉన్నది ఈ పరుగు ఒక్కటే.

ప్రొద్దుటూరు దసరా సంగతి మీకు చెప్పక్కర్లేదు. పది రోజులు ఇంటినిండా చుట్టాలు, ఇంటినిండా పిండివంటలు. అది అయిపోయిన వారానికి మా ఆయన రక్తపరీక్షకు వెళ్తుంటే, తోడుగా పోయి నేనూ ఇచ్చాను. ఆయనది బాగానే ఉంది. నా హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ లెక్క, 6.2 వచ్చింది. 5.7 లోపుంటే మామూలు, 6.5 కానీ అంతకన్నా ఎక్కువ కానీ ఉంటే షుగర్ వ్యాధి, మధ్యలో ఉన్నవాళ్లు గట్టు మీద ఉన్నట్టు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "కాన్పులప్పుడు షుగర్ వచ్చిందా?" అని. వచ్చింది. బాబు కడుపులో ఉన్నప్పుడు వచ్చింది, కాన్పయ్యాక పోయింది, నేనూ మరిచిపోయాను. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన వాళ్లకు తర్వాతి జీవితంలో అది మళ్లీ వచ్చే ప్రమాదం మిగతావాళ్ల కన్నా చాలా ఎక్కువట. ఏడాది నుంచి మూడేళ్లకు ఒకసారైనా పరీక్ష చేయించుకుంటూ ఉండాలట. తొమ్మిదేళ్లు నేను చేయించుకోలేదు. ఇది చదువుతున్న అమ్మల్లో అలాంటివాళ్లు ఉంటే, మిగతా వ్యాసం చదవకపోయినా ఫర్వాలేదు, ముందు పరీక్ష చేయించుకోండి.

ఆ 6.2 చూడగానే నాకు గుర్తొచ్చింది జమ్మలమడుగులో ఉన్న మా అమ్మ పాదం. ఇరవై ఏళ్ల షుగర్ ఆమెది. చెప్పులో రాయి గుచ్చుకున్నా తెలియలేదు. పుండు మానక చివరికి కుడికాలి బొటనవేలు తీసేశారు. ఆ కట్టు మార్చడానికి నేను నెల రోజులు అక్కడే ఉన్నాను.

డాక్టరు నడవమన్నాడు. మరి పరుగెందుకు మొదలుపెట్టానంటే, నిజం చెప్పాలంటే, సమయం లేక. గంట నడిచే తీరిక నాకు లేదు. ఆరున్నరకల్లా రెండు టిఫిన్ బాక్సులు, రెండు లంచ్ బాక్సులు కట్టాలి. పెద్దవాళ్లకు వారానికి 150 నిమిషాల మోస్తరు వ్యాయామం కానీ, 75 నిమిషాల గట్టి వ్యాయామం కానీ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 75 నిమిషాలైతే తక్కువే గదా అనుకున్నాను, అంతే.

మొదటిరోజు పాప పీటీ బూట్లు వేసుకుని పోయాను. మా ఇద్దరి సైజూ ఒకటే. గ్రౌండులో కానిస్టేబుల్ ఉద్యోగాలకు, ఆర్మీకి తయారయ్యే పిల్లలు ఇరవై మంది దాకా ఉన్నారు. కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది కాబట్టి వాళ్లే సున్నంతో 400 మీటర్ల రౌండు గీసుకున్నారు. నేను ఆ గీత మీద మొదలుపెట్టాను. ఇంతమంది చూస్తున్నారు, మెల్లగా పోతే నవ్వుతారని గట్టిగానే పరుగెత్తాను. సగం రౌండు కూడా కాలేదు. గొంతులో ఇనుము రుచి, పక్కటెముకల కింద పోటు, కళ్ల ముందు నల్లచుక్కలు. గోడ పట్టుకుని నిలబడ్డాను. గేటు దగ్గర స్కూటర్ మీద కూర్చున్న మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చారు. ఆ రోజు ఆ గ్రౌండులో బాగా పరుగెత్తింది ఆయనే.

మూడోరోజూ ఇదే. ఇక మానేద్దామని తిరిగిపోతుంటే ఆ పిల్లల్లో ఒకడు పక్కకొచ్చి నడుస్తూ అన్నాడు: "రోంత నిదానంగా, అక్కా! మాట్లాడతా పరిగెత్తల్ల. మాట రాకపోతే నువ్వు బిరుసుగా పోతాండావని."

నిమిషాలు, సెకన్లు లెక్కపెట్టుకుంటూ ఉద్యోగం కోసం పరుగెత్తే పిల్లవాడు నాకు చెప్పిన మాట అది. ఇందులో పెద్ద శాస్త్రమే ఉందని తర్వాత తెలిసింది. ఆయాసం లేకుండా నాలుగు మాటలు కలిపి చెప్పగలిగే వేగంలో కండరాలకు కావలసిన ఆక్సిజన్ గుండె, ఊపిరితిత్తులు అందించగలవు. అంతకు మించితే శరీరం అప్పు చేస్తుంది, కొద్దిసేపట్లోనే అప్పులవాడు తలుపు తడతాడు. కొత్తవాళ్లలో చాలామంది మొదటి వారమే మానేయడానికి కారణం దమ్ము లేకపోవడం కాదు, వేగం ఎక్కువవడం. నాకైతే సిగ్గు వల్ల వచ్చిన వేగం.

ఆ తర్వాత పాపే ఫోన్‌లో వెతికి 'కౌచ్ టు 5కే' అనే పద్ధతి చూపించింది. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు. మొదట ఐదు నిమిషాలు వేగంగా నడవాలి. ఆ తర్వాత 60 సెకన్లు మెల్లగా పరుగు, 90 సెకన్లు నడక, ఇలా ఇరవై నిమిషాలు. వారం వారం పరుగు పెరిగి నడక తగ్గుతుంది. చివరికి అరగంట ఆగకుండా పరుగెత్తడమో, ఐదు కిలోమీటర్లు పూర్తిచేయడమో. దీన్ని 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికా యువకుడు తయారుచేశాడు. ఎవరి కోసమో తెలుసా? యాభై దాటిన వాళ్లమ్మ కోసం. కొడుకు అమ్మకు రాసిచ్చిన టైంటేబుల్ అని తెలిశాక దాని మీద నాకు నమ్మకం కుదిరింది. మనం పిల్లలకు ఎన్ని టైంటేబుళ్లు గీసిచ్చి గోడలకు అంటిస్తాం! ఇది మాత్రం పాప నాకోసం గీసి ఫ్రిజ్ మీద అంటించింది.

తొమ్మిది వారాల పని నాకు పద్దెనిమిది వారాలు పట్టింది. నాలుగో వారాన్ని మూడుసార్లు చేశాను. ఇంట్లో పెళ్లి ఒకటి, బాబుకు జ్వరం ఒకసారి, పిక్కల ముందు ఎముక నొప్పి ఇంకొకసారి. ఆ నొప్పికి పాప బూట్లే కారణం. మెత్తదనం లేని అడుగు, గట్టి నేల. పరుగు బూట్లు కొన్నాను, పది రోజులు ఆగాను. ఇంట్లో కడప బండ మెట్టు అంచున ముందు పాదాల మీద నిలబడి, మడమలు ఎత్తి దించడం రోజుకు ముప్పైసార్లు చేశాను. తగ్గింది. బూట్ల కన్నా ముందు ఆడవాళ్లకు ఇంకొకటి కావాలి. రాయాలా వద్దా అని సంకోచించాను గానీ, నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మంచి స్పోర్ట్స్ బ్రా. అది లేకుండా పరుగెత్తితే నొప్పి, దానికి మించి పదిమందిలో ముడుచుకుపోవడం.

పదిమంది అంటే గుర్తొచ్చింది. వీధిలో పెద్దావిడ ఒకరు నన్నాపి, "ఆడోళ్లు అట్ల పరిగెత్తితే గర్భసంచి జారుతాది మే" అన్నారు. నాకూ భయం వేసి గైనకాలజిస్టును అడిగాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఆ భయం అక్కర్లేదనీ, తుమ్మినా దగ్గినా మూత్రం చుక్కలు పడే ఇబ్బంది, కింద బరువుగా ఉండే ఇబ్బంది ఉన్నవాళ్లు మాత్రం ముందు చూపించుకుని మొదలుపెట్టాలనీ ఆమె చెప్పారు. తమాషా ఏమిటంటే, ఒకప్పుడు అమెరికాలో ఆడవాళ్లను భయపెట్టిన మాట కూడా అచ్చంగా ఇదే. 1967లో కాథరిన్ స్విట్జర్ బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తుతుంటే నిర్వాహకుడొకాయన మధ్యలో ఆమెను పట్టుకుని లాగేయబోయాడు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ 1984లో గానీ రాలేదు. మన పీటీ ఉష సెకనులో నూరోవంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకున్నది ఆ లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లోనే. అప్పటికి నేను పుట్టి కూడా లేను, పుట్టబోతున్నాను. అంత పాత సంగతేం కాదన్నమాట.

సంక్రాంతికి జమ్మలమడుగు పోయినప్పుడు, ఒకరోజు కూడా తప్పకూడదని తెల్లారే లేచి మైలవరం రోడ్డు పట్టుకున్నాను. గండికోట లోయలోంచి బయటపడి మైలవరం డ్యాము దాటి పెన్న మా ఊరి వైపు వస్తుంది గదా, ఆ దిక్కు నుంచి వచ్చే చలిగాలి. రెండు కుక్కలు వెంటపడ్డాయి. కుక్కలు వస్తే పరుగు ఆపి, వాటి కళ్లలోకి చూడకుండా మెల్లగా నడిచిపోవాలని గ్రౌండు పిల్లలు చెప్పి ఉన్నారు కాబట్టి బయటపడ్డాను. ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. బూట్లు విప్పమంది. నా రెండు పాదాలు తన ఒళ్లో పెట్టుకుని వేలు వేలు సందుల్లో వత్తి చూసింది. "నేనూ పరిగెత్తేదాన్ని, ఏట్లో ఇసకలో. నీళ్లు వచ్చేది ఎప్పుడో గదా, మిగతా అంతా మాకు ఆటే" అంది. మా అమ్మ పరుగెత్తి ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

పులివెందులలో ఉండే మా వదినది ఇంకో కథ. నేను పరుగెత్తే వీడియో చూసి మరుసటిరోజే రింగు రోడ్డు మీద మూడు కిలోమీటర్లు లాగించింది. నెల రోజులు పిక్కలు పట్టుకుని కుంటింది, పరుగంటే మోకాళ్లు పోతాయని బంధువులందరికీ చెప్పింది. ఇప్పుడు మళ్లీ మొదటి వారం నుంచి చేయిస్తున్నాను. "నిమిషం పరుగేంది మే, ఇది నడకనా పరుగా?" అని రోజూ ఫోన్‌లో సణుగుతుంది. సణగనీ. బీపీ, గుండె జబ్బు, షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఈ పని పెట్టుకోవద్దు. కొన్ని షుగర్ మందులతో, ఇన్సులిన్‌తో పరుగెత్తితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.

బరువు సంగతి అడుగుతారని తెలుసు. ఎనిమిది నెలల్లో మూడు కిలోలు. అంతే. కిలోమీటరు పరుగెత్తితే మన ఒంటి బరువు ఎన్ని కిలోలో సుమారు అన్ని కేలరీలు ఖర్చవుతాయి. అంటే నాకు మూడు కిలోమీటర్లకు రెండు వందలు. పరుగు అయ్యాక బండి దగ్గర ఆగి నెయ్యి వేసిన ఎర్రకారం దోసె తింటే ఆ రెండు వందలూ తిరిగొస్తాయి, వడ్డీతో సహా. నేను తిన్నాను కూడా, చాలాసార్లు. బరువు కోసమే అయితే పరుగు మీద ఆశ పెట్టుకోకండి, వంటింటి మీద పెట్టుకోండి. నిద్ర మాత్రం మారింది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది.

మే నెలలో 42 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. ఎండాకాలం మూడు నెలలూ నాలుగూముక్కాలుకే గ్రౌండులో ఉండేదాన్ని. ఆరు తర్వాత ఒక్కరోజు ప్రయత్నించి తల తిరిగి కూర్చుండిపోయాను. ఆ రోజు పట్టుదల కాదు, మూర్ఖత్వం.

పాప సంగతి ఒకటి చెప్పాలి. ఫిబ్రవరిలో దానికి లెక్కల్లో ఒక చాప్టరు ఎక్కలేదు. అప్పుడది ఎనిమిదో తరగతి. మళ్లీ మొదటి నుంచి చేస్తానంటే, "అందరూ ముందుకు పోతున్నారు, నువ్వింకా అక్కడే ఉన్నావా?" అని అరిచాను. అది పుస్తకం మూయకుండానే అంది: "నువ్వు నాలుగో వారం మూడుసార్లు చేసినావు గదమ్మా." ఫ్రిజ్ మీద దాని చేతిరాతతోనే మూడు టిక్కులు ఉన్నాయి. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

అప్పటి నుంచి వాళ్ల రోజును లెక్క చూస్తున్నాను. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా పాపకు స్కూలు, స్టడీ అవర్, హోంవర్క్ పోను, పరీక్షల నెలలో ఒక వారమంతా కలిపినా 60 నిమిషాలు రాలేదు. అందులో నా వంతు తప్పు ఉంది, ఆదివారం ట్యూషన్ పెట్టించింది నేనే. స్కూలు పత్రికలోనే ఇది రాస్తున్నాను, వేస్తారో కత్తిరిస్తారో చూడాలి. మీరూ ఒక వారం రాసి చూడండి.

మార్చి చివరి ఆదివారం ఐదు కిలోమీటర్లు, అంటే ఆ సున్నం గీత మీద పన్నెండున్నర రౌండ్లు, ఆగకుండా పూర్తిచేశాను. 44 నిమిషాలు. రౌండ్లు లెక్కపెట్టడానికి పాప వచ్చింది, ఏడో రౌండు దగ్గర బాబు కొంత దూరం నాతో పరుగెత్తి, నన్ను దాటిపోయి, వెనక్కి తిరిగి నవ్వాడు. ఆ కానిస్టేబుల్ పిల్లల్లో కొందరు రోడ్డు మలుపు దాకా చప్పట్లు కొట్టారు. నాకు నిదానం నేర్పినవాడు మాత్రం ఆ రోజు లేడు.

జూన్‌లో మళ్లీ పరీక్ష చేయించాను. 5.8. ఇంకా గట్టు మీదే ఉన్నాను, కానీ ఇటు ఒక అడుగు జరిగాను. అక్టోబరులో మళ్లీ రమ్మన్నారు, దసరా తర్వాత వద్దులెండి అంటే డాక్టరు నవ్వాడు.

రేపు మంగళవారం, నా పరుగు రోజు. అలారం పెట్టాను. పాప బూట్లు ఎప్పుడో కడిగి తిరిగిచ్చేశాను, కానీ నిన్న రాత్రి చూస్తే అవి నా బూట్ల పక్కన, తలుపు దగ్గర పెట్టి ఉన్నాయి.