డిస్క్ తెరుచుకుంటున్నప్పుడే

మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లలో మేమే మొదటివాళ్లం. తాత ఫొటో ఒక్కటి కూడా ఇంట్లో లేనివాళ్లం మాలో ఎక్కువ. కాబట్టి హాస్టల్ వార్షికోత్సవం వీడియో మాకు ఒట్టి ఆటపాటల వీడియో కాదు. కొందరికి అమ్మానాయనలు కదులుతూ, మాట్లాడుతూ కనబడే చోటు అదొక్కటే.

ఈ సంచిక కోసం ఫొటోలు వెతుకుతూ బీరువాలోని పాత సీడీలు, డీవీడీలు పదకొండు ముందేసుకున్నాం. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో డ్రైవే ఉండట్లేదు కదా, ఒక మిత్రుడు బయట తగిలించేది తెచ్చాడు. ఏడు తెరుచుకున్నాయి. రెండు సగంలో ఆగాయి. రెండింటిని కంప్యూటరు గుర్తుపట్టనే లేదు.

ఎందుకిట్లయిందని చదివితే చాలా సంగతులు తెలిశాయి. సీడీ అంటే 1.2 మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్ బిళ్ల. దానిలో సమాచారం మధ్య నుంచి అంచు వైపు సుడి తిరుగుతూ పోయే ఒకే ఒక దారి. విప్పి పరిస్తే 5 కిలోమీటర్ల పైనే! వరుసకు వరుసకు మధ్య 1.6 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో నలభై వరుసల దాకా పడతాయి. కంపెనీలో అచ్చు వేసిన సినిమా సీడీలో ఆ దారి నిండా సన్నని గుంటలుంటాయి. లేజరు కాంతి గుంట అంచుకు తగిలితే 1, అంచు తగలనంతసేపు 0. మన హాస్టల్ డిస్క్‌లు అట్లాంటివి కావు, స్టూడియోలో రాయించినవి. వాటిలో గుంటలుండవు, ఒక రంగు పొర మీద లేజరు కాల్చిన మచ్చలుంటాయి. ఆ రంగే ఎండకు, వేడికి, తేమకు పాడవుతుంది. డిస్క్‌లను 18 డిగ్రీల దగ్గర దాచమని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో చెప్పింది. మే నెల ఇబ్రహీంపట్నంలో కిటికీ పక్కనున్న ఇనుప బీరువా సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి. మనమంతా మెరిసే వైపు గీతలు పడతాయని భయపడతాం. సీడీలో సమాచారం ఉండేది పేరు రాసే వైపే, పల్చటి లక్క కింద. అటు బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే అసలుకే మోసం. డీవీడీ కొంత నయం, పొర రెండు ప్లాస్టిక్ బిళ్లల నడుమ ఉంటుంది.

అన్నిటికన్నా మమ్మల్ని భయపెట్టింది వేరే ఉంది. టేపు పాడైతే గరగరమని ముందే చెప్పేది. డిస్క్ చెప్పదు. దానిలో తప్పులు దిద్దుకునే లెక్క ఉంటుంది, రెండు మిల్లీమీటర్ల మేర సమాచారం పోయినా పూరించుకొని చక్కగా ఆడుతుంది. దిద్దగలిగినంత కాలం దిద్ది, ఒకరోజు ఒక్కసారే ఆగిపోతుంది. కెనడా ప్రభుత్వ పరిరక్షణ సంస్థ అంచనాలో బంగారు పొర ఉన్న మంచి సీడీ-ఆర్‌కు నూరేళ్ల పైన ఆయుష్షు ఉంటే, తిరిగి రాసుకునే డీవీడీల్లో ఒక రకానికి 5 నుంచి 10 ఏళ్లే. తాళ్లపాక వారి రాగిరేకులు తిరుమలలో వందల ఏళ్లు ఉన్నా, 20వ శతాబ్దంలో తీసి చదివారు. వాటికి డ్రైవు అక్కర్లేదు మరి!

సగంలో ఆగిన వాటిలో ఒకటి 2007 నాటిది. పాటలన్నీ బాగానే వచ్చాయి, పెద్దల మాటల దగ్గర నిలిచింది. చివర రాసినవి అంచు దగ్గర ఉంటాయి, ముందు దెబ్బతినేది చాలాసార్లు అంచే. ఆ మాటల్లో ఒక అన్న వాళ్ల నాయన మాట్లాడినవి ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేడు. అన్నకు ఫోను చేస్తే చాలాసేపు ఏమీ అనలేదు. మరో పాత కంప్యూటరు డ్రైవులో పెట్టి చూశాం. ఒక్కో డ్రైవు లేజరు ఒక్కో తీరు, దీంట్లో చదవకపోయినా దాంట్లో చదవొచ్చు. నాలుగోసారికి ఆడింది. భుజాన తువ్వాలతో ఆయన రెండు నిమిషాలు మాట్లాడాడు. వెంటనే రెండు చోట్ల కాపీ చేసి అన్నకు పంపాం.

2025 ఫిబ్రవరిలో సోనీ కంపెనీ రికార్డు చేసుకునే బ్లూరే డిస్క్‌ల తయారీ ఆపేసింది. డ్రైవులు కూడా ఇక దొరకడం కష్టమే.

వార్షికోత్సవం రోజు భోజనాల గది పక్కన రెండు డ్రైవులు పెట్టుకొని కూర్చుంటాం. అన్నలారా, మీ పెట్టెల అడుగున హాస్టల్ డిస్క్ ఏదున్నా తెండి, అక్కడే కాపీ చేసి ఇస్తాం. దుమ్ముంటే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవకండి.