ముక్కలు కొంటారు... సైన్యం చేసుకుంటారు!

తాతల కాలంలో ఇంగ్లండు నుంచి దిగిన రాలీ సైకిలు ఇంట్లో ఉందంటే అదో హోదా. హ్యాండిల్ కింద కొంగ తల బొమ్మ, దాంతోపాటే నాటింగ్‌హామ్ అన్న ఊరిపేరు. ఆ ఊళ్లో ఇప్పుడు రాలీ ఫ్యాక్టరీ లేదు. 2002లో అక్కడ సైకిళ్ల తయారీ ఆగిపోయింది. దేశదేశాలకు లేసు పంపిన మిల్లులు అంతకు చాలా ముందే మూగబోయాయి. సిగరెట్ల ఫ్యాక్టరీకి 2016లో తాళం పడింది. అయినా నాటింగ్‌హామ్ నుంచి ఓ సరుకు ఇప్పటికీ ప్రపంచమంతా వెళ్తూనే ఉంది. అది... బొటనవేలంత సైనికులు!

అదీ పూర్తిగా తయారైన బొమ్మలు కాదు. ముక్కలు. వాటిని విడదీసి, అతికించి, అయస్కాంతాలు బిగించి, రంగులు వేసుకోవాల్సింది కొన్నవాళ్లే. ఆ పని కోసమే డబ్బులిచ్చి మరీ కొంటున్నారు లక్షలమంది!

లండన్ నుంచి రైల్లో రెండు గంటలలోపే నాటింగ్‌హామ్ చేరుకోవచ్చు. రాబిన్‌హుడ్ కథల్లోని షెర్వుడ్ అడవి ఆ చుట్టుపక్కలదే. ఊరికి పడమర వైపు లెంటన్ అనే పేట. అక్కడి విల్లో రోడ్డులో గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ ప్రధాన కార్యాలయం, ఫ్యాక్టరీ, వాటి పక్కనే వార్‌హ్యామర్ వరల్డ్. బయట భారీ కవచం తొడుక్కున్న అంతరిక్ష సైనికుడి విగ్రహం కాపలా కాస్తున్నట్టు ఉంటుంది. లోపలికి వెళితే యుద్ధభూమిలా తీర్చిదిద్దిన బల్లలు. కూలిన కోటలు, ఫ్యాక్టరీ శిథిలాలు, వాటి మధ్య రెండు సైన్యాలు. చేతిలో టేపు, పాచికలు పట్టుకుని తండ్రీకొడుకులు, స్నేహితులు ఆటలో మునిగిపోయి కనిపిస్తారు. టికెట్టు కొని ప్రదర్శనశాలకు వెళితే గాజు అద్దాల వెనుక వేల బొమ్మలతో పేర్చిన యుద్ధ దృశ్యాలు! ప్రతి బొమ్మకూ ఎవరో ఒకరు కుంచెతో రంగులద్దినవే.

నవలా రచయిత నుంచి...

బొమ్మ సైనికులతో పెద్దవాళ్లు ఆడటం కొత్తేమీ కాదు. అంగారకుడి మీది జీవులు భూమిపై దండెత్తే కథ రాసిన హెచ్.జి.వెల్స్ 1913లోనే ఈ ఆటకు నియమాలు రాసి ‘లిటిల్ వార్స్’ పేరుతో పుస్తకం వేశాడు. నిజం యుద్ధాల కన్నా ఈ బొమ్మల యుద్ధమే మేలన్నది ఆయన వాదన. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది!

గేమ్స్ వర్క్‌షాప్‌ను 1975లో లండన్‌లో ముగ్గురు స్నేహితులు మొదలుపెట్టారు. మొదట్లో చెక్కతో ఆట బల్లలు చేసి అమ్మేవారు. 1983లో వార్‌హ్యామర్ ఆట వచ్చింది. 1987లో దానికి సైన్స్ ఫిక్షన్ రూపం ‘వార్‌హ్యామర్ 40,000’ తోడైంది. సుమారు 38 వేల ఏళ్ల తర్వాత నక్షత్రాల మధ్య జరిగే ఎడతెగని యుద్ధమే ఇందులో కథ. అప్పట్లో బొమ్మలను సీసం కలిసిన లోహంతో పోతపోసేవారు. అందుకే ఆ పని చేసే కంపెనీలు గుంపుగా వెలిసిన నాటింగ్‌హామ్ ప్రాంతానికి ‘లెడ్ బెల్ట్’ అని ముద్దుపేరు. సీసం పోయి ప్లాస్టిక్ వచ్చినా పేరు మాత్రం మిగిలిపోయింది. సూపర్‌మ్యాన్‌గా నటించిన హెన్రీ కావిల్‌కూ ఈ బొమ్మలకు రంగులేయడమే ఇష్టమైన కాలక్షేపం. కంపెనీ 2024 డిసెంబరులో లండన్ స్టాక్ మార్కెట్లోని తొలి వంద కంపెనీల సూచీలో చోటు సంపాదించింది.

కోత... అతుకు

పెట్టె తెరిస్తే బొమ్మ కనపడదు. స్ప్రూ అనే ప్లాస్టిక్ చట్రాలుంటాయి. వాటికి చేతులు, కాళ్లు, తలలు, తుపాకులు కాయల్లా వేలాడుతుంటాయి. చిన్న కట్టర్‌తో ఒక్కోదాన్నీ తెంపాలి. అచ్చు రెండు భాగాలు కలిసిన చోట సన్నని గీత మిగులుతుంది. దాన్ని కత్తి వీపుతో గీకేయాలి. ‘ఆ మాత్రానికేముందిలే’ అని వదిలేస్తే రంగు వేశాక అదే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ప్లాస్టిక్‌కు వాడే జిగురు మామూలు జిగురు కాదు. రెండువైపులా ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి ఒకే ముక్కగా కలిపేస్తుంది. ఇక ఊడదు. సరిగ్గా అక్కడే అసలు చిక్కు!

కందిగింజంత అయస్కాంతం

సైన్యంలో డ్రెడ్‌నాట్ అనే నడిచే యంత్రం ఉందనుకోండి. దాని చేతికి ఫిరంగి పెట్టొచ్చు, ఇనుప గోళ్లూ పెట్టొచ్చు. ఒకటి అతికించేస్తే రెండోది ఎప్పటికీ పెట్టెలోనే. పోనీ ఇంకో బొమ్మ కొందామా అంటే ధర చుక్కల్లో! పైగా మూడేళ్లకోసారి ఆట నియమాలు కొత్తగా వస్తుంటాయి. ఈసారి గెలిపించిన ఆయుధం వచ్చేసారి ఎందుకూ కొరగాకపోవచ్చు. అందుకే అభిమానులు జిగురుకు బదులు అయస్కాంతాన్ని నమ్ముకున్నారు.

ఇవి నియోడిమియం అయస్కాంతాలు. 1980లలో రూపుదిద్దుకున్న ఈ రకం మూడు మిల్లీమీటర్ల బిళ్లలోనూ గట్టి పట్టు చూపిస్తుంది. చేత్తో తిప్పే బుల్లి బరమాతో భుజానికి, చేతికి చెరో రంధ్రం వేస్తారు. లోతు ఎక్కువైతే మధ్యలో ఖాళీ మిగిలి పట్టు తగ్గుతుంది. తక్కువైతే చెయ్యి బయటికి పొడుచుకొస్తుంది. ప్లాస్టిక్ జిగురు లోహానికి అంటదు కాబట్టి ఇక్కడ ఫెవిక్విక్ లాంటిది వాడాలి.

అన్నిటికన్నా ముఖ్యం దిక్కు. అయస్కాంతం తిరగబడిందా... చెయ్యి అతుక్కోదు సరికదా, ఎగిరి అవతల పడుతుంది! అందుకే బిళ్లలన్నీ దొంతరగా పెట్టి, ఒక్కోదాన్ని తీసేముందు పైముఖం మీద మార్కర్‌తో చుక్క పెడతారు. భుజాల్లో అన్నిటికీ చుక్క బయటికి, చేతుల్లో అన్నిటికీ లోపలికి. ఈ పద్ధతి తప్పకపోతే ఒక యంత్రం చెయ్యి అదే కొలతలున్న మరో యంత్రానికీ సరిపోతుంది. జిగురు పూర్తిగా ఆరకముందే రెండోది దగ్గరికి తెచ్చారో, మొదటిది ఊడి దానికి అంటుకుపోతుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ బిళ్లలతో బహు జాగ్రత్త. ఒకటికి మించి మింగితే కడుపులో పేగుల గోడలను మధ్యన నొక్కుతూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. పేగుకు చిల్లుపడి ప్రాణాల మీదికి వస్తుంది. మింగారని అనుమానమున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. లెక్కపెట్టి తీయడం, లెక్కపెట్టి దాచడం ఈ కాలక్షేపంలో మొదటి నియమం కావాలి.

రంగు పడితేనే ప్రాణం

అతికించడం అయ్యాక ముందు ప్రైమర్. నలుపో, బూడిదరంగో పల్చగా స్ప్రే చేస్తారు. గాలిలో తేమ ఎక్కువున్న రోజు కొడితే పైన పొడిపొడిగా తేలుతుంది. తర్వాత అసలు రంగు. నీళ్లు కలిపి పల్చగా రెండు పూతలు వేయాలే తప్ప, చిక్కగా ఒక్క పూత వేస్తే కవచం మీది నగిషీలన్నీ పూడిపోతాయి. ఆపైన నీళ్లలాంటి ముదురు రంగు. అది సందుల్లోకి జారి నీడలవుతుంది. చివరగా కుంచెను గుడ్డకు తుడిచి, మిగిలిన కాస్త లేతరంగును అంచుల మీద తాకించీ తాకించనట్టు రాయాలి. అప్పటిదాకా ప్లాస్టిక్ ముక్కగా ఉన్నది ఒక్కసారిగా మనిషిలా నిలబడుతుంది!

ఒక్క సైనికుడికే గంటలు పడుతుంది. అందుకే చాలా ఇళ్లలో రంగు పడని పెట్టెలు అటకల మీద పేరుకుపోతుంటాయి. కొనడానికి నిమిషం చాలు, పూర్తిచేయడానికి ఓపిక కావాలి. అది పెట్టెలో దొరకదు. 1987లో మొదలైన గోల్డెన్ డీమన్ పోటీల్లో అన్నింటికన్నా గొప్ప బొమ్మకు నిజమైన ఖడ్గాన్నే బహుమతిగా ఇస్తారు. దానికోసం ఒకే బొమ్మపై నెలల తరబడి పనిచేసేవారున్నారు.

ఆ ఓపికకు నాటింగ్‌హామ్‌లోనే ఓ గొప్ప ఉదాహరణ ఉంది. కవలలైన అలన్ పెర్రీ, మైకేల్ పెర్రీ దశాబ్దాలపాటు ఈ కంపెనీకి బొమ్మలు చెక్కిన శిల్పులు. 1996లో ఓ పాతకాలపు యుద్ధ ప్రదర్శనలో ఫిరంగి పేలి మైకేల్ కుడిచేతిని కోల్పోయాడు. బొమ్మలు చెక్కే చెయ్యి! ఇంకొకరైతే అక్కడితో ఆగిపోయేవారే. ఆయన ఎడమచేత్తో మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. 2001లో సోదరుడితో కలిసి సొంత కంపెనీ పెట్టి, బొమ్మలు చెక్కుతూనే ఉన్నాడు.

అన్నీ తయారై చేతికొచ్చే రోజుల్లో, ‘మిగతా పని మీదే’ అంటూ సగం సరుకు అమ్మి ఒక ఊరు నిలబడింది. నాటింగ్‌హామ్ అచ్చు పోసి పంపేది సగం బొమ్మనే. మిగతా సగం ఎక్కడో ఓ ఇంట్లో, బల్లదీపం కింద, ఆదివారం మధ్యాహ్నం పూట తయారవుతుంది.